జర్మన్‌లో ‘త్సూక్’ అంటే రైలు ఒక్కటేనా?

ప్రశ్న: నంబూరు ప్రయాణికురాలు

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఉంటూ విజయవాడలోని ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నాను. డ్యూటీ దిగాక వారానికి నాలుగు సాయంత్రాలు బెంజి సర్కిల్ దగ్గర జర్మన్ తరగతికి వెళుతున్నాను. బీ1 పరీక్ష గట్టెక్కాను. జర్మనీలో నర్సుగా గుర్తింపు కావాలంటే సాధారణంగా బీ2 స్థాయి అడుగుతారు కాబట్టి ఇప్పుడు దానికి చదువుతున్నాను. నన్ను నెల రోజులుగా వేధిస్తున్నది ఒకే ఒక్క మాట. అది ‘త్సూక్’.

మొదటి పాఠాల్లోనే త్సూక్ అంటే రైలు అని నేర్చుకున్నాను. రోజూ గుంటూరు నుంచి విజయవాడకు రైల్లోనే వస్తాను కాబట్టి ఆ మాట నా మనసులో రైలుగానే స్థిరపడిపోయింది. పోయిన వారం తరగతిలో ఒక చిన్న కథ చదివాం. అందులో ఒక ముసలాయన గురించి “ఇన్ డేన్ లెట్స్‌టెన్ త్స్యూగెన్” ఉన్నాడని రాసి ఉంది. త్స్యూగె అనేది త్సూక్‌కు బహువచనమని నాకు తెలుసు కనుక, ఆయన చివరి రైళ్లలో పడుకొని ఉన్నాడని నోట్సులో రాసుకున్నాను. ఆయన ప్రాణం పోయే స్థితిలో ఉన్నాడన్నది దాని అర్థమని మా టీచరుగారు చెప్పారు. సమయం లేక అది ఎందుకలా అవుతుందో వివరించలేకపోయారు. రేపు ఒక రోగి కూతురు నాతో ఈ మాటే అంటే, నేను రైలు అనుకొని ఊరుకుంటే ఎలా అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

తరువాత నిఘంటువు తీసి చూస్తే ఆ మాట కింద రైలు, గుక్క, దమ్ము, గాలి తెర, చదరంగంలో ఎత్తు, ముఖరేఖ, స్వభావం, ఊరేగింపు, సైనిక దళం అని ఇంకా ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటన్నిటినీ ఒక పట్టికగా రాసుకొని రైల్లో కూర్చుని వల్లె వేస్తున్నాను. మంగళగిరి వచ్చేసరికి నాలుగు గుర్తుంటాయి, కృష్ణా కెనాల్ దాటేసరికి అవి కూడా ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఇవన్నీ విడివిడి మాటలా, లేక వీటిని కలిపే దారం ఏదైనా ఉందా? తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం 1: బ్రాడీపేట పాత విద్యార్థి

అమ్మా, పట్టిక వల్లె వేయడం ఈరోజే ఆపేయండి. నేను జర్మనీలో యంత్రాల కర్మాగారంలో పదహారేళ్లు పని చేసి ఇప్పుడు గుంటూరులో విశ్రాంతిగా ఉంటున్నాను. మొదటి రెండేళ్లూ నేను చేసింది ఆ పట్టిక పనే, దానివల్ల నాకు ఒరిగింది చాలా తక్కువ.

త్సూక్ అనే నామం ‘త్సీఎన్’ అనే క్రియనుంచి పుట్టింది. త్సీఎన్ అంటే లాగడం, ఈడ్వడం. వర్తమానంలో ఆ క్రియలో గకారం కనబడదు కానీ, భూతకాలంలో ‘గెత్సోగెన్’ అన్నప్పుడు బయటపడుతుంది. త్సూక్ చివర రాతలో ఉన్నది ఆ గకారమే. పదం చివర వచ్చేసరికి జర్మన్లు దాన్ని కకారంగా పలుకుతారు, త్స్యూగె అని బహువచనం చేయగానే మళ్లీ గకారంగా తిరిగి వస్తుంది. అందుచేత త్సూక్ అన్న మాట కనబడితే రైలు అనుకోకండి, ముందుగా ‘లాగుడు’ అనుకోండి. ఎవరు దేన్ని లాగుతున్నారన్నది మిగిలిన వాక్యం చెబుతుంది.

ఇంజను లాగేది పెట్టెల వరుసను, కనుక అది రైలు. జర్మనీలో మొదటి ఆవిరి రైలు 1835 డిసెంబరు 7న న్యూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్‌కు నడిచింది. ఈ మాట మాత్రం అంతకు కొన్ని శతాబ్దాల ముందునుంచే వాడుకలో ఉంది. వరుసగా కదిలిపోయే జనానికీ, దండయాత్రకీ, ఊరేగింపుకీ చెప్పుకుంటున్న మాటనే కొత్తగా వచ్చిన వాహనానికి కూడా పెట్టుకున్నారు. మన పెద్దలు ఆ వాహనం వదిలే పొగను చూసి పొగబండి అన్నారు. తరువాత మనం అది నడిచే పట్టాకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు తీసుకొని రైలు అన్నాం. ఇంగ్లీషులో ట్రైన్ అన్న మాట కూడా ఫ్రెంచి దారిలో లాగడం అనే అర్థంనుంచే వచ్చింది కాబట్టి ఆ రెండు భాషలూ ఇక్కడ ఒకే చూపు చూశాయి.

ఇక మీ ముసలాయన సంగతి. మన భాషలో లాగడం ఎన్ని పనులు చేస్తుందో ఒక్కసారి తలుచుకోండి. ఎద్దులు బండి లాగుతాయి. చుట్ట కాల్చేవాడు దమ్ము లాగుతాడు. పోలీసులు కూపీ లాగుతారు. పండగపూట పిల్లలు గారెలు లాగిస్తారు. చుక్కల ముగ్గులో ఒక చుక్కనుంచి ఇంకో చుక్కకు గీత లాగుతాం. జర్మన్‌వాడు కూడా పొగను లోపలికి లాగితే ఆ దమ్మును త్సూక్ అంటాడు. నీళ్లను ఆపకుండా లాగితే ఆ గుక్క త్సూక్, ‘ఇన్ ఐనెమ్ త్సూక్’ అంటే ఒక్క గుక్కలో అని. గాలిని లోపలికి లాగితే అది ‘ఆటెమ్‌త్సూక్’, అంటే ఒక ఊపిరి. ఇప్పుడు మీ కథలోని వాక్యాన్ని మళ్లీ చదవండి. ఆఖరి త్స్యూగెలో ఉన్నాడంటే ఆఖరి ఊపిరులు లాగుతున్నాడని. అలాంటి మనిషిని మనం ఎగశ్వాసలో ఉన్నాడంటాం. నర్సుగా ఆ స్థితిని మీరు కళ్లారా చూసే ఉంటారు కనుక ఈ ఒక్క పోలిక పట్టుకుంటే ఆ వాక్యం ఇక మీకు రైల్వేస్టేషనులో కనబడదు.

గాలి తెర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడ మాటతో పాటు మనుషుల అలవాటు కూడా తెలియాలి. “ఎస్ త్సీట్” అంటే మాటకు మాటగా “అది లాగుతోంది” అని. ఆ ‘అది’ ఎవరన్న ప్రశ్నకు జవాబు లేదు. మే నెలలో విజయవాడలో మనం “ఉక్కపోస్తోంది” అంటాం, ఉక్కను ఎవరు పోస్తున్నారని ఎవరూ అడగరు కదా, ఇదీ అటువంటిదే. ఏదో సందులోంచి చల్లగాలి తెరగా వచ్చి ఒంటికి తగులుతోందని దాని భావం. మనం ఎండాకాలంలో ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడేలా చూసుకుంటాం, అది మనకు సుఖం. అక్కడి పెద్దవాళ్లు చాలామందికి ఆ గాలి మెడ పట్టించే శత్రువు. అయితే కిటికీలు పూర్తిగా తెరిచి కొద్ది నిమిషాలు గాలి మార్చడమూ వాళ్లే శ్రద్ధగా చేస్తారు. మనిషి మీదుగా గాలి లాగడాన్ని మాత్రమే సహించరు. నేను చేరిన కొత్తలో కర్మాగారం భోజనశాలలో కిటికీ తెరిచాను. పక్క బల్ల మీది పెద్దాయన భుజం తడుముకుంటూ “ఎస్ త్సీట్” అన్నాడు. ఆయన నన్ను పలకరించాడనుకొని నేను నమస్కారం పెట్టాను. ఆయన లేచి వెళ్లి కిటికీ మూసి, వచ్చి, ఏమీ అనకుండా భోజనం చేశాడు. ఆ మాటకు అర్థం నాకు సాయంత్రం గానీ తెలియలేదు.

ముఖరేఖలు, స్వభావం అన్నవి కూడా గీత లాగడంలోంచే వచ్చాయి. కలంతో లాగిన గీత త్సూక్, ముఖం మీద ప్రకృతి లాగిన గీతలు ‘గెజిష్ట్స్‌త్స్యూగె’, మనిషి గుణంలో కనబడే గీత ‘కారక్టెర్‌త్సూక్’. ఈ మూడింటినీ ఒక చోట పెట్టుకోండి.

సమాధానం 2: గాంధీనగర్ చదరంగం

పెద్దాయన అన్నీ వివరించి చదరంగాన్ని మాత్రం వదిలేశారు. పిల్లలకు చదరంగం నేర్పేవాడిని కనుక ఆ ఖాళీ నేను పూరిస్తాను.

చదరంగంలో ఒకసారి పావును కదపడాన్ని జర్మన్లు త్సూక్ అంటారు. బల్ల మీద పావును ఒక గడినుంచి మరో గడికి లాగడం వాళ్ల ఊహ. మనం దాన్నే ఎత్తు అంటాం, అంటే పావును పైకి ఎత్తి పెట్టడం మన ఊహ. ఒకే ఆటలో ఒకే పనిని వాళ్లు లాగినట్టు, మనం ఎత్తినట్టు చూశాం. కాబట్టి ప్రశ్న అడిగినవారు ఇక్కడ ‘లాగు’ను పట్టుకొని వెతికితే తెలుగులో దొరకదు, ‘ఎత్తు’ దగ్గరికి రావాలి. ‘ఎత్తుకు పైఎత్తు’ అన్న మాట మనకు ఆటలోనూ, వ్యవహారంలోనూ ఎలా చెల్లుతుందో, వాళ్ల త్సూక్ కూడా అలాగే ఆటబల్ల దిగి వ్యవహారంలోకి వచ్చింది. “జీ జింట్ అమ్ త్సూక్” అని ఎవరైనా మీతో అంటే మీరు రైలు దగ్గర ఉన్నారని కాదు, ఇప్పుడు ఎత్తు వేయవలసింది మీరు, మీ వంతు వచ్చింది అని.

ఇంకొక మాట ఉంది. అది జర్మన్‌నుంచి ప్రపంచ చదరంగమంతటికీ వెళ్లింది. ‘త్సూక్‌త్స్వంగ్’ అన్న ఆ మాటలో త్స్వంగ్ అంటే బలవంతం, తప్పనిసరి. ఉన్నచోట కదలకుండా ఉండగలిగితే ఆటగాడికి ఏ ఇబ్బందీ లేదు, కానీ నియమం ప్రకారం ఏదో ఒక ఎత్తు వేసి తీరాలి, ఏది వేసినా నష్టమే. ఆ స్థితికి పేరు త్సూక్‌త్స్వంగ్. రాజులూ బంట్లూ మాత్రమే మిగిలిన ముగింపు ఆటల్లో ఇది తరచూ వస్తుంది. నేను పిల్లలకు చెప్పేటప్పుడు తెల్ల రాజును ఆరో వరుసలో, తెల్ల బంటును దాని పక్క గడిలో ముందుకు నిలిపి, నల్ల రాజును బంటుకు ఎదురుగా చివరి వరుసలో పెట్టి, “ఇప్పుడు నల్లవాడి వంతు” అంటాను. నల్ల రాజుకు ఒక్కటే గడి మిగులుతుంది. అతను తప్పుకోగానే తెల్ల రాజు ముందుకు వచ్చి బంటుకు కాపలా కాస్తుంది, బంటు మంత్రి అయిపోతుంది. ఆ స్థానంలో తెల్లవాడి వంతు అయి ఉంటే గెలుపు ఉండేది కాదు, ఆట సమానమయ్యేది. పావులు ఒక్కటీ మారలేదు, వంతు మాత్రమే మారింది.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, గుంటూరుకు చెందిన ద్రోణవల్లి హారిక ఇద్దరూ గ్రాండ్‌మాస్టర్లు కావడం వల్ల మన రెండు ఊళ్లలో చదరంగం నేర్చుకునే పిల్లలకు కొదవ లేదు. వాళ్లందరి నోటా ఈ జర్మన్ మాట నలుగుతూనే ఉంటుంది, అందులోని త్సూక్ ఏమిటో మాత్రం వాళ్లు అడగరు. జర్మన్ పత్రికల్లో ఒక మంత్రి త్సూక్‌త్స్వంగ్‌లో పడ్డాడని రాస్తే, ఆయన ఏదో ఒకటి చేసి తీరవలసిన ఇరకాటంలో ఉన్నాడని అర్థం.

‘త్సూక్ ఉమ్ త్సూక్’ అన్నది మరొకటి. వాడుకలో ఒకదాని తరువాత ఒకటిగా అని దాని అర్థం. న్యాయశాస్త్రంలో మాత్రం, 1900 నుంచి అమలులో ఉన్న జర్మన్ పౌర స్మృతి 322వ సెక్షనులో కూడా, దానికి వేరే ఖచ్చితమైన అర్థం ఉంది. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో పుచ్చుకోవడం, అంటే ఒకరు సొమ్ము, రెండోవారు సరుకు ఏకకాలంలో అప్పగించుకోవడం అన్నమాట. ఒప్పందాల్లో ఈ మాట కనబడితే వాడుక అర్థంతో చదివి సంతకం పెట్టకండి.

సమాధానం 3: పటమట నుంచి కొలోన్ దాకా

చెల్లీ, నేనూ నర్సునే. విజయవాడ పటమటలో పుట్టి పెరిగి, ఇప్పుడు జర్మనీలోని కొలోన్‌ నగరంలో, ఆసుపత్రి వార్డులో పని చేస్తున్నాను. పైన పెద్దాయన చెప్పిన మూలార్థం నిజమే కానీ, నాదొక అభ్యంతరం ఉంది. ‘లాగుడు’ అన్న తాళంచెవి మాటను గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది గానీ, ఎదుటి మనిషి మాట్లాడుతుంటే అప్పటికప్పుడు అర్థం చెప్పదు. సూట్‌ను ‘అన్‌త్సూక్’ అంటారని, లిఫ్ట్‌ను ‘ఔఫ్‌త్సూక్’ అంటారని లాగుడు తెలిసినంత మాత్రాన ఎవరూ ఊహించలేరు. వార్డులో నిలబడి ఊహించే తీరిక అసలే ఉండదు. అందువల్ల మన వృత్తిలో వచ్చేవాటిని వాక్యాలతో సహా నోటికి ఎక్కించుకోవాలి.

అన్నిటికంటే ముందు ‘ఆటెమ్‌త్స్యూగె ప్రో మినూటె’. నిమిషానికి ఎన్ని ఊపిరులు అని. ప్రతి షిఫ్టులోనూ చార్టులో రాసేది ఇదే. నువ్వు అక్కడ రోజూ లెక్కపెడుతున్న శ్వాసరేటుకు ఇక్కడి పేరులోనే త్సూక్ ఉంది కనుక, నీ పట్టికలో రైలు కంటే ముందు దీన్ని రాసుకో.

మందును సిరంజిలోకి లాగడం ‘ఔఫ్‌త్సీఎన్’. కుట్లు తీయడం ‘ఫేడెన్ త్సీఎన్’, అంటే వాళ్లు దారాలు లాగుతారు, మనం కుట్లు విప్పుతాం. మంచం మీద దుప్పటి, గలేబులు మార్చి సిద్ధం చేయడం ‘బెత్సీఎన్’, ఆ తొడుగు ‘బెట్‌బెత్సూక్’. రోగి బట్టలు విప్పడం ‘ఔస్‌త్సీఎన్’, తొడగడం ‘అన్‌త్సీఎన్’. మత్తు అలవాటు మాన్పించే చికిత్స ‘ఎంట్‌త్సూక్’. మొదటి నెల జీతం కాగితం చేతికి వచ్చినప్పుడు ‘అప్‌త్స్యూగె’ అన్న మాట కింద పన్నులూ, సామాజిక బీమా కోతలూ వరుసగా కనబడతాయి. అవి లెక్కలో ఉండవలసినవే. ముందే తెలియకపోతే గుండె ఝల్లుమంటుంది.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే సంగతి. “ఎస్ త్సీట్” అంటే గాలి తగులుతోందని పెద్దాయన చెప్పారు. ఇంట్లో, బస్సులో అంతే. ఆసుపత్రిలో అదే మాట నొప్పికి కూడా వాడతారు. “ఎస్ త్సీట్ ఇమ్ బైన్” అని రోగి అంటే “కాలు లాగుతోంది” అని అర్థం. మన అమ్మలూ అమ్మమ్మలూ సాయంత్రమయ్యేసరికి పిక్కలు నొక్కుకుంటూ “కాళ్లు లాగుతున్నాయే” అంటారు చూడు, సరిగ్గా ఆ నొప్పే. ‘త్సీఎండెర్ ష్మెర్త్స్’ అని నొప్పి రకాల్లో దానికి విడిగా పేరుంది. పోటు వేరు, మంట వేరు, లాగుడు వేరు అని మన రోగులు ఎలా విడదీసి చెబుతారో ఇక్కడా అలాగే చెబుతారు. ఇంగ్లీషు మీదుగా జర్మన్ నేర్చుకున్న తోటి నర్సులు దీన్ని అర్థం చేసుకోవడానికి తడబడటం చూశాను. తెలుగు మీదుగా వచ్చిన నాకు అది మొదటిసారి విన్నప్పుడే మా అమ్మ గొంతులా వినిపించింది. నీ అసలు ప్రశ్నకు, వీటిని కలిపే దారం ఉందా అన్నదానికి, నా జవాబు ఇదే. దారం ఉంది, అది కొన్నిచోట్ల తెలుగులో నేరుగా నీ చేతికే అందుతుంది. అందనిచోట మాత్రం మాటను వాక్యంతో పాటు నేర్చుకోవాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ‘త్సూగంగ్’ అన్న మాట రోజుకు పదిసార్లు వింటావు, మందు ఎక్కించడానికి చేతి నరంలో పెట్టే సన్నని గొట్టం, కాన్యులాను అలాగే పిలుస్తారు. రాతలో దాని మొదట త్సూక్ ఉన్నట్టే కనబడుతుంది. కానీ అది ‘త్సూ’, ‘గంగ్’ అన్న రెండు ముక్కలు, లోపలికి వెళ్లే దారి అని అర్థం. దానికీ లాగుడుకీ సంబంధం లేదు. ముక్క ఎక్కడ విరగ్గొట్టాలో తెలియక నేను కొన్నాళ్లు దాన్ని కూడా లాగడం కిందే రాసుకున్నాను.

నువ్వు కథలో చదివిన ఆఖరి ఊపిరుల మాటను వింటే అర్థం చేసుకో గానీ, నీ నోటితో రోగి బంధువుల దగ్గర అనవద్దు. అది కాస్త మోటుగా ఉంటుంది. ఆగిపోబోతున్న పనికీ, పాతబడిన యంత్రానికీ కూడా అదే మాట వాడతారు. మనిషి విషయంలో ‘ఇమ్ ష్టెర్బెన్ లీగెన్’ అన్నది మర్యాదైన మాట.

సమాధానం 4: అరండల్‌పేట తెలుగు మాస్టారు

నేను జర్మన్ పండితుణ్ణి కాను. మా అమ్మాయి చదువుతుంటే పక్కన కూర్చుని విన్నవాణ్ణి. అయినా ఉచ్చారణ విషయంలో తెలుగువారికి ఒక వెసులుబాటు, దాని వెంటే ఒక ఇబ్బంది ఉన్నాయి కనుక చెబుతున్నాను.

త్సూక్ మొదట ఉన్న ధ్వని మనకు కొత్తది కాదు. చుక్క, చాప, చోటు అన్నప్పుడు మన నోట పలికేది దంత్య చకారం. చిలక, చెట్టు, చీమ అన్నప్పుడు పలికేది తాలవ్య చకారం. మన వ్యాకరణాలు ఈ రెండింటినీ వేరు చేసి చెప్పాయి. అచ్చ తెలుగు మాటల్లో అ, ఉ, ఒ, ఔల ముందు దంత్యం, ఇ, ఎల ముందు తాలవ్యం. జర్మన్ త్సూక్‌లో ఉన్నది మన చుక్కలోని చకారమే, కాబట్టి “చూక్” అని మనవాళ్లు చుక్క పలికినట్టు పలికితే చాలు, జర్మన్‌వాడు ఠక్కున అందుకుంటాడు.

ఇబ్బంది క్రియ దగ్గర వస్తుంది. ‘త్సీఎన్’లో అదే ధ్వని ఈకారం ముందు వచ్చింది. మన నాలుక ఈకారం ముందు తాలవ్యానికే అలవాటు పడింది కనుక తెలియకుండానే అది చీమలోని ‘చీ’ అయిపోతుంది. మా అమ్మాయి నెల్లాళ్లు “ఎస్ చీట్” అంది. నాలుక కొనను పైపళ్ల వెనక ఆనించి చుక్క మొదలుపెట్టి, ‘ఉ’ బదులు ‘ఈ’తో ముగించమన్నాను. నాలుగైదు రోజుల్లో కుదిరింది. త్స్యూగె అన్న బహువచనానికి కూడా ఇదే అభ్యాసం పనికొస్తుంది.

సమాధానం 5: ఉప్పలపాడు చెరువు గట్టు

ఒక చిన్న చేర్పు మాత్రమే. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ వందలుగా వాలి ఉండటం మీరు చూసే ఉంటారు. కాలాన్ని బట్టి ఒక ప్రాంతంనుంచి మరో ప్రాంతానికి వలస వెళ్లే పక్షులను జర్మన్‌లో ‘త్సూక్‌ఫ్యోగెల్’ అంటారు. రైలుకు చెప్పిన వరుస కదలికే ఇక్కడ ఆకాశంలో ఉంది.

అలాగే స్విట్జర్లాండులో త్సూక్ అనే పేరుతో సరస్సు ఒడ్డున ఒక పట్నం ఉంది. రైలు రాకముందే ఉన్న పేరు అది. సరస్సులో వల లాగి చేపలు పట్టే హక్కునుంచి ఆ పేరు వచ్చింది. సూర్యలంక ఒడ్డున తెల్లవారుజామున రెండు పక్కలా మనుషులు వరుసగా నిలబడి అలివి వల లాగడం చూసినవారికి ఆ పేరు వెంటనే అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు మళ్లీ: నంబూరు ప్రయాణికురాలు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నా పట్టికను చింపివేసి, కొత్త పేజీ మీద నడుమ ‘లాగు’ అని రాసి దాని చుట్టూ వాక్యాలు రాసుకున్నాను. ఎత్తు, ముఖరేఖ, అన్‌త్సూక్ వంటి అందనివాటిని విడిగా ఇంకొక పేజీలో పెట్టాను. మాస్టారు చెప్పిన అభ్యాసం రైల్లో చేస్తున్నాను, పక్కన కూర్చున్నవారు ఏమిటని అడిగితే చెప్పాను కూడా.

కొలోన్ అక్కగారిని ఒక్కటి అడగాలి. రోగి కాలు, నడుము అన్న మాటలేవీ చేర్చకుండా ఉత్తినే “ఎస్ త్సీట్” అంటే, అది గాలా, నొప్పా ఎలా తెలుసుకోవాలి?

సమాధానం 3 రాసినవారు మళ్లీ: పటమట నుంచి కొలోన్ దాకా

ఉత్తినే అంటే నూటికి తొంభైపాళ్లు గాలే. అయినా అనుకొని ఊరుకోకూడదు. “వో త్సీట్ ఎస్?” అని అడుగు, ఎక్కడ లాగుతోందని. రెండు అర్థాలకూ ఆ ఒక్క ప్రశ్నే సరిపోతుంది. గాలి అయితే కిటికీ వైపు చూస్తారు, నొప్పి అయితే ఒంటి మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

ప్రశ్న అడిగినవారు: నంబూరు ప్రయాణికురాలు

నిన్న తరగతిలో సంభాషణ అభ్యాసం జరిగింది. టీచరుగారు రోగిగా కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని “ష్వెస్టెర్ (సిస్టర్), ఎస్ త్సీట్” అన్నారు. నా ముందు వంతు వచ్చిన ఇద్దరూ లేచి వెళ్లి కిటికీ మూశారు. నేను దగ్గరికి వెళ్లి “వో త్సీట్ ఎస్?” అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, వంగి, ఎడమ మోకాలి వెనక చెయ్యి పెట్టి “హీర్” (ఇక్కడ) అన్నారు.